గొడవ ఆగిందా, తీరిందా? ప్రాంతీయ కూటమి పనితనాన్ని ఒక కాగితం మీద తేల్చే పద్ధతి

పొలిటికల్ సైన్స్ పాఠాలు చెప్తాను, ఎక్కువగా సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలకి. "సంఘర్షణల పరిష్కారంలో ప్రాంతీయ భద్రతా సంస్థలు ఎంతవరకు సఫలమయ్యాయి?" అని రాయమంటే చాలామంది జవాబు ఒకే అచ్చులో వస్తుంది. సంస్థ పుట్టిన ఏడాది, సభ్య దేశాలు, ఆశయాలు, ఆఖర్న "కొన్ని పరిమితులున్నప్పటికీ కీలక పాత్ర పోషిస్తున్నాయి". ఆ ఆఖరి వాక్యం దగ్గరే నా ఎర్ర పెన్ను ఆగుతుంది. ఏ గొడవలో? ఏ ఏడాది? ఎవరి డబ్బుతో? ఇవి తేలకుండా మార్కులు పడవు. వాటిని తేల్చుకోవడానికి ఒక తెల్ల కాగితం, ఒక అట్లాసు, ఓ సాయంత్రం చాలు.

ముందు గొడవను పట్టుకోండి, సంస్థను కాదు

"ఎకోవాస్ సఫలమా, విఫలమా" అన్న ప్రశ్నకి జవాబు లేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాలు 1975లో లాగోస్‌లో సంతకాలు చేసి పెట్టుకున్న ఈ కూటమి, నిజానికి వర్తకం కోసం పుట్టింది. అదే కూటమి 1990లో లైబీరియాలో ఏళ్ల తరబడి యుద్ధంలో కూరుకుపోయింది, 2017లో గాంబియాలో రోజుల్లో పని ముగించింది, 2023లో నైజర్ ముందు బెదిరించి వెనక్కి తగ్గింది. మూడింటినీ కలిపి సగటు తీస్తే ఏమీ మిగలదు. అందుకే ఒక్కో గొడవకి ఒక్కో కాగితం. పైన గొడవ పేరు, కింద సంస్థ పేరు. అభ్యాసానికి నేను ఎప్పుడూ ఎకోవాస్‌నే ఇస్తాను. సంస్థ ఒకటే, ఫలితాలు మూడు రకాలు కాబట్టి తేడా ఎక్కడుందో వెతకడం తేలిక.

అట్లాసు తెరవండి

చాలామంది ఒప్పందాల పేర్లు బట్టీ పడతారు గానీ మ్యాప్ చూడరు. గాంబియా ఎలా ఉందో చూడండి. నది వెంట సన్నటి పట్టీ, మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు సముద్రం. 2016 డిసెంబరు ఎన్నికల్లో ఆడమా బారో గెలిచాడు. 1994 నుంచి గద్దె మీదున్న యాహ్యా జామే ముందు ఓటమి ఒప్పుకుని, వారం తిరిగాక కుదరదన్నాడు. 2017 జనవరి 19న బారో పక్క దేశంలో, సెనెగల్ రాజధాని డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అదే రోజు ఐరాస భద్రతా మండలి ఆయన్ని అధ్యక్షుడిగా గుర్తించాలంటూ 2337వ తీర్మానం చేసింది. ఎకోవాస్ తరఫున సెనెగల్ సైనికులు సరిహద్దు దాటారు. గాంబియా సైన్యాధిపతి ఈ రాజకీయ గొడవలోకి తన మనుషుల్ని దించనన్నాడు. జనవరి 21 రాత్రికి జామే విమానమెక్కి ఈక్వటోరియల్ గినీ వెళ్లిపోయాడు.

ఇప్పుడు నైజర్ చూడండి. ఎడారిలో పరుచుకున్న విశాలమైన దేశం. దక్షిణాన నైజీరియాతో పొడవాటి సరిహద్దు, దానికి రెండు పక్కలా హౌసా మాట్లాడే బంధువులు. పడమట మాలీ, బుర్కినా ఫాసో, రెండు చోట్లా అప్పటికే సైనిక పాలనే. 2023 జులై 26న అక్కడి అధ్యక్షుడు మొహమ్మద్ బజూమ్‌ని ఆయన కాపలా దళమే బంధించింది. జులై 30న ఎకోవాస్ వారం గడువు పెట్టి, లేకపోతే బలప్రయోగం తప్పదంది. గాంబియాలో పనిచేసిన మందే ఇది. కానీ మాలీ, బుర్కినా ఫాసో నైజర్ మీద దాడి చేస్తే తమ మీద యుద్ధం ప్రకటించినట్టే అన్నాయి. నైజీరియా సెనేట్ యుద్ధానికి ఊ అనలేదు. గడువు దాటిపోయింది, ఏమీ జరగలేదు.

మ్యాప్ పక్కన రెండు మాటలు రాసుకోండి: దిగితే ఎన్నాళ్లు పట్టేలా ఉంది, దిగాల్సిన పెద్ద పొరుగు దేశం లోపల ఎవరు వద్దంటున్నారు. సంస్థ రాజ్యాంగంలో ఎన్ని అధికారాలు రాసి ఉన్నా నాకు ఈ రెండే ముందు.

చుట్టరికాలు రాయండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి. పిల్లలు మాత్రం ఖాళీగా వదిలేసేది ఇదే. కూటమిలో ఏ సభ్య దేశం ఎవరి పక్షమో రాయాలి. "సభ్య దేశాల మధ్య ఏకాభిప్రాయ లోపం" అని రాస్తే చాలదు, మనుషుల పేర్లు కావాలి.

లైబీరియా తీసుకోండి. 1980లో శామ్యూల్ డో అధ్యక్షుడు టోల్బర్ట్‌ని చంపి గద్దెనెక్కాడు. టోల్బర్ట్ కొడుకు, ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు హూఫూయే బోయినీ సొంత బిడ్డలా చూసుకున్న అమ్మాయి భర్త. ఆ అల్లుడినీ డో ప్రభుత్వం బతకనివ్వలేదు. 1989 డిసెంబరు 24న చార్లెస్ టేలర్ తిరుగుబాటుదారులు ఏ గడ్డ మీంచి లైబీరియాలోకి వచ్చారో చూడండి: ఐవరీ కోస్ట్ మీంచే. బుర్కినా ఫాసో కూడా టేలర్ వెనకే ఉంది. మరోపక్క నైజీరియా సైనిక పాలకుడు బబంగిడా డోకి స్నేహితుడు. 1990 ఆగస్టులో నైజీరియా, ఘనా ముందుండి ఎకోమాగ్ అనే ఎకోవాస్ దళాన్ని లైబీరియా రాజధాని మన్రోవియాలో దించితే, టేలర్‌కి అది శాంతి దళంలా ఎందుకు కనిపిస్తుంది? డోని కాపాడటానికి వచ్చిన సైన్యంలా కనిపించింది. ఆ డోని కూడా వాళ్లు కాపాడలేకపోయారు. సెప్టెంబరు 9న ఎకోమాగ్ ప్రధాన స్థావరంలోనే ఆయన్ని ఇంకో తిరుగుబాటు నాయకుడు ప్రిన్స్ జాన్సన్ మనుషులు పట్టుకుపోయి చంపారు.

ఈ గడి నింపాక మిగతాది దానంతటదే అర్థమవుతుంది. డజనుకి పైగా ఒప్పందాలు ఎందుకు చిరిగిపోయాయో, 1995-96లో నైజీరియా రాజధాని అబూజాలో కుదిరినదే ఎందుకు నిలిచిందో కూడా. అప్పటికి నైజీరియా టేలర్‌తో రాజీకొచ్చింది. ఊరిపెద్దలు రెండు వర్గాలుగా ఉన్నంతకాలం ఊళ్లో తగువు తెగదు, ఇదీ అంతే.

తేదీలు, కానీ సంతకాల దగ్గర ఆగకండి

కాగితం ఎడమ పక్కన ఒక నిలువు గీత గీసి ఈ నాలుగు తేదీలు వెయ్యండి: గొడవ మొదలు, కూటమి మొదటి అడుగు, ఒప్పందం, ఒప్పందమయ్యాక అయిదో ఏడు. నాలుగోది తప్పనిసరి. లైబీరియాలో 1997 జులైలో ఎన్నికలు జరిగాయి, టేలర్ 75 శాతం ఓట్లతో గెలిచాడు. అక్కడే పెన్ను ఆపితే ఎకోవాస్ విజయం అని రాస్తారు, అప్పట్లో చాలామంది రాశారు కూడా. రెండేళ్లు తిరక్కుండా, 1999లో, రెండో యుద్ధం మొదలైంది. 2003 ఆగస్టులో టేలర్ నైజీరియాకి వెళ్లిపోయి, ఘనా రాజధాని ఆక్రాలో మరో ఒప్పందం కుదిరి, ఆ తర్వాత ఐరాస పెద్ద దళాన్ని దించితేగానీ నిలకడ రాలేదు. ఐరాస అక్కణ్నుంచి బయటపడింది 2018లో.

పక్కనే ఇంకో చిన్న గీత గీసి పొరుగు దేశాల్లో ఏమైందో రాయండి. 1991 మార్చిలో సియెర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ అనే సాయుధ ముఠా తిరుగుబాటు మొదలైంది, టేలర్ అండతోనే. ఎకోమాగ్ విమానాలు ఎగిరింది సియెర్రా లియోన్ నుంచి. ఒక దేశంలో మంట ఆర్పడానికి స్థావరం ఇచ్చిన దేశం తర్వాత తానే కాలింది. ఆ యుద్ధం చివరి దశలో మన సైనికులూ ఉన్నారు. 2000లో కైలాహున్‌లో ముట్టడిలో చిక్కిన భారత శాంతి పరిరక్షకుల్ని విడిపించిన ఆపరేషన్ ఖుక్రీ అక్కడిదే. లైబీరియా కాగితంలో ఈ గీత లేకపోతే లెక్క సగమే.

ఆపడం, తీర్చడం వేరు వేరు గళ్లలో

కాల్పులు ఆగాయా అన్నది ఒక గడి. గొడవకి మూలమైనది (పదవి, భూమి, గనులు, సరిహద్దు) తేలిందా అన్నది ఇంకో గడి. రెండిట్లో ఒకే టిక్కు పెట్టకండి. ఎకోమాగ్ మన్రోవియాని కాపాడింది. ఊచకోతకి భయపడి రాజధానికి చేరిన జనం బతికింది అక్కడే, దాన్ని తీసిపారెయ్యడం అన్యాయం. కానీ ఊళ్లూ అడవులూ వజ్రాలూ టేలర్ చేతిలోనే ఉండిపోయాయి. కాబట్టి మొదటి గడిలో సగం టిక్కు, రెండో గడిలో సున్నా. గాంబియాలో గొడవకి మూలం ఒక మనిషి కుర్చీ దిగకపోవడం. మనిషి దిగాడు, గొడవ ముగిసింది. ఇంత సులువైన కేసుని కొలబద్దగా పెట్టుకుని నైజర్‌నీ సోమాలియానీ తూచకూడదు.

ఛార్టర్లలో, అంటే సంస్థల మూల నిబంధనల పత్రాల్లో, ఏముందో తొందరగా చూసెయ్యండి. ఐరాస ఛార్టర్ 8వ అధ్యాయం ప్రాంతీయ సంస్థలకి చోటిస్తుంది, కానీ 53వ అధికరణ ప్రకారం బలప్రయోగానికి భద్రతా మండలి అనుమతి కావాలి. 1990లో ఎకోమాగ్ ఆ అనుమతి లేకుండానే దిగింది, మండలి తర్వాత మెచ్చుకుంది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఛార్టర్ 10వ అధికరణ ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలు చర్చించనే కూడదంటుంది. కశ్మీర్ మీద సార్క్ "విఫలమైంది" అని రాసే పిల్లలకి ఆ అధికరణ చూపిస్తే చాలు. చేయనని చెప్పి పుట్టిన సంస్థకి చేయలేదని సున్నా వెయ్యడంలో అర్థం లేదు.

ఘనత ఎవరిది?

2025 జులైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో కొట్టుకున్నాయి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ అధ్యక్ష స్థానంలో అప్పుడున్న మలేసియా ఇద్దర్నీ పుత్రజయలో కూర్చోబెట్టి జులై 28న కాల్పుల విరమణ ప్రకటింపజేసింది. ఆసియాన్ విజయం అని రాసెయ్యొచ్చు. కానీ అంతకుముందే ట్రంప్, యుద్ధం ఆపకపోతే సుంకాల ఒప్పందం లేదని రెండు దేశాలకీ చెప్పాడు. బల్ల ఆసియాన్‌ది, బెత్తం అమెరికాది. కాగితంలో రెండూ వేరువేరుగా రాయండి. డిసెంబరులో మళ్లీ కాల్పులు మొదలైనప్పుడు ఈ విడదీత ఎందుకో తెలుస్తుంది.

తీర్పు రెండు వాక్యాల్లో

గళ్లు నిండాక మొదటి వాక్యంలో ఏం జరిగిందో, రెండో వాక్యంలో ఎందుకో రాయండి. విశేషణాలొద్దు. నైజర్‌కి నేను రాసుకున్నది: "ఎకోవాస్ గడువూ ఆంక్షలూ పెట్టింది, బజూమ్ గద్దెకి రాలేదు, 2024 ఫిబ్రవరిలో ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది, 2025 జనవరి 29న నైజర్, మాలీ, బుర్కినా ఫాసో కూటమినే వదిలిపోయాయి. బెదిరింపుని అమలు చేసే పెద్ద దేశానికి ఇంట్లోనే మద్దతు లేదు, బెదిరింపుకి గురైన దేశానికి పక్కనే ఇద్దరు తోడున్నారు." ఇంతే. తర్వాత ఏమైనా మారితే రాసుకోవడానికి కింద నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

తర్వాతి కాగితం సోమాలియాలో ఆఫ్రికన్ యూనియన్ మీద మీరే చెయ్యండి. 2007 మార్చిలో ఉగాండా సైనికులు మొగదిషులో దిగిన దగ్గర మొదలుపెట్టండి. అక్కడ చుట్టరికాల గడి కంటే ముందు డబ్బు గడి, అంటే ఎవరి డబ్బుతో అన్నది, నింపాలి: సైనికుల్ని ఇచ్చింది ఉగాండా, బురుండీ, కెన్యా, ఇథియోపియా లాంటి దేశాలు, వాళ్ల భత్యాలు ఏళ్ల తరబడి చెల్లించింది యూరోపియన్ యూనియన్. దళం పేరు మారిన ప్రతిసారీ, 2022లో అట్మిస్ అయినప్పుడూ 2025లో ఆసమ్ అయినప్పుడూ, ఆ చెల్లింపుల సంగతి ఏమైందో పక్కనే రాసుకుంటూ వెళ్లండి.