ఎక్కువ చోటు కోసం ఊరి చివరికి మారుతున్నారా? ప్రాంతాన్ని ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఇరుకైపోయిందనగానే అందరూ చేసే పని ఒకటే. ఆదివారం పొద్దున కారు తీసి ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్తారు. ఖాళీ రోడ్డు, చల్లగాలి, కొత్త రంగు వాసన, మూడు బాల్కనీలు. మధ్యాహ్నానికల్లా అడ్వాన్స్ ఇచ్చేసి వస్తారు. ఏడాది తిరక్కముందే ఫోన్ చేసి, మళ్ళీ ఊళ్ళోకి వచ్చేయాలనుంది, ఏదైనా ఇల్లుంటే చెప్పమంటారు.

ఇరవై ఏళ్ళలో మేము అయిదుసార్లు ఇల్లు మారాం. చుట్టాలకూ తోటి టీచర్లకూ నేను చూసిపెట్టిన ఇళ్ళకు లెక్కలేదు. చాలామంది ఇల్లు ఎంచుకుంటారు, ప్రాంతం దానంతట అదే వచ్చేస్తుంది. ముందు ప్రాంతం తేలాలి, ఆ తర్వాతే ఇల్లు చూడాలి. ఆ వరుస తప్పకుండా ఎలా చేయాలో చెప్తాను.

కావలసినవి

కొలిచే టేపు, నోటు పుస్తకం, ఫోన్‌లో మ్యాపు, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూడడానికి టీడీఎస్ మీటరు. అంతే. ఎక్సెల్ షీట్ వద్దు. మా తమ్ముడు ఒక్కో ప్రాంతానికి స్కూళ్ళకిన్ని, పచ్చదనానికిన్ని, నీళ్ళకిన్ని అని పదికి మార్కులు వేసి, సగటు ఎక్కువ వచ్చిన చోటుకు మారాడు. పార్కు బాగున్నంత మాత్రాన నీళ్ళు లేని చోటు సగం మంచిదైపోదు. కొన్ని లోపాలు ఒక్కటున్నా ఆ ప్రాంతాన్ని పూర్తిగా కొట్టేయాలి.

1. ఎంత చోటు, ఎవరికి?

ఇది పది నిమిషాల పని. ఇంట్లో ఎవరికి ఏం తక్కువైందో పేరుపేరునా రాయండి. అమ్మాయికి చదువుకోవడానికి తలుపున్న గది, అత్తయ్యకు మెట్లెక్కకుండా వెళ్ళే బాత్రూమ్ ఉన్న గది, పిల్లాడికి పరుగెత్తడానికి ఖాళీ స్థలం. చాలాసార్లు కావలసింది ఒక గదీ ఒక వాకిలీ మాత్రమే అని తేలుతుంది. దానికోసం నాలుగు బెడ్‌రూములు అక్కర్లేదు.

బ్రోచర్‌లో రాసిన చదరపు అడుగులను నమ్మకండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది. బయటి గోడలు, బాల్కనీ, డాబా అందులోకి రావు. అయినా బోర్డుల మీద కనిపించేది లిఫ్టూ మెట్లూ కలిపిన సూపర్ బిల్టప్ అంకే. పదిహేను వందల అడుగులన్న ఫ్లాట్లలో నేను టేపు పట్టి కొలిస్తే పదకొండు వందలు దాటినవి తక్కువ.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ట్రిప్లెక్స్ విల్లా తీసుకోకూడదు. మూడంతస్తుల్లో పరుచుకున్న చోటు వాళ్ళకు ఒక్క గది చోటే అవుతుంది. దీని మీద నాతో వాదించినవాళ్ళున్నారు. వాళ్ళ అమ్మగార్లు ఇప్పుడు హాల్లో మంచం వేసుకుని పడుకుంటున్నారు.

2. మ్యాపులో కేంద్రం ఎక్కడ?

మొదటి పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. ఇంటిపెద్ద ఆఫీసును మధ్యలో పెట్టి చుట్టూ గుండ్రంగా గీస్తారు. ఆఫీసు గచ్చిబౌలిలో ఉంటే తెల్లాపూర్, కొల్లూరు, మోకిల. పోచారంలో ఉంటే ఘట్‌కేసర్. ఆయనకు కారుంది, వారంలో రెండు రోజులు ఇంటినుంచే పని. ఆయన ఎక్కడున్నా బతుకుతాడు.

కేంద్రంలో పెట్టాల్సింది ఇంట్లో బండి నడపలేని మనిషిని. బడికెళ్ళే పిల్ల, కాలేజీకి బస్సెక్కే కొడుకు, నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళే తాతయ్య, స్కూటీ రాని ఇల్లాలు. ఎక్కువ చోటు కోసం ఇల్లంతా చెల్లించే ధర సమయం. అందులో పెద్ద వాటా ఎప్పుడూ వీళ్ళ మీదే పడుతుంది. వాళ్ళను అడిగేవాళ్ళు మాత్రం ఉండరు. పిల్లలకు గుమ్మం నుంచి గుమ్మానికి నలభై అయిదు నిమిషాలు దాటకూడదు. దీనికి మినహాయింపు లేదు. ఆ లెక్కతో గీస్తే మ్యాపులో మిగిలేవి మూడో నాలుగో చోట్లు.

3. కొట్టేయాల్సినవి కొట్టేయండి

మొదట నీళ్ళు. వేసవిలో ఎన్ని ట్యాంకర్లు వస్తాయని ఓనర్ని అడక్కండి, వాచ్‌మన్‌ని అడగండి. వీలైతే అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళ ఏప్రిల్, మే ట్యాంకర్ బిల్లులు చూడండి. హైదరాబాద్‌లో కుళాయి నీటిని ఇప్పటికీ చాలామంది మంజీర నీళ్ళనే అంటారు కానీ కృష్ణా, గోదావరి పైపులు వచ్చాక నగరం తాగేది ఎక్కువగా వాటినే. ఆ పైపు మీ వీధి దాకా వచ్చిందా, ప్రధాన రోడ్డు దగ్గరే ఆగిందా అన్నది చూసుకోవాలి. బోరు నీళ్ళయితే మీటరు పెట్టండి. తాగే నీటిలో టీడీఎస్‌కు భారత ప్రమాణం చెప్పే కోరదగిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అయితే ఈ మీటరు రసాయనాలను పట్టుకోలేదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టుపక్కల భూగర్భజలం దశాబ్దాలుగా దెబ్బతిన్నది. అక్కడ బోరు మీద ఆధారపడాల్సి వస్తే ల్యాబులో పరీక్ష చేయించండి.

తర్వాత చెరువు. 2020 అక్టోబర్ వానకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగిన సంగతి ఈ ఊరికి గుర్తుండాలి. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి, చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్‌లో కట్టిన ఇళ్ళ మీదికి బుల్డోజర్లు వెళ్ళడం అందరం చూశాం. కిరాయికి ఉండేవాళ్ళకు ఇదంతా ఎందుకని అనుకోవద్దు, వాన కిరాయిదారుణ్ణీ ఓనర్నీ వేరుగా చూడదు.

ఇక వాసన. దమ్మాయిగూడ, నాగారం వైపు వెళ్ళేవాళ్ళు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు గాలి ఎటు తిరుగుతుందో రాత్రిపూట వెళ్ళి తెలుసుకోవాలి. పగలు తెలియదు.

4. ఒక పనిరోజు మొత్తం అక్కడినుంచి బతకండి

మిగతావన్నీ తొందరగా చేసినా ఫరవాలేదు. ఇది మాత్రం వదిలేయకూడదు. నేను చూసిన ప్రతి పొరపాటూ ఈ పని చేయకపోవడం వల్లే జరిగింది. మాది కూడా.

మా మొదటి మార్పు విద్యానగర్ నుంచి ఘట్‌కేసర్ దగ్గరికి. ఇండిపెండెంట్ హౌస్, రెండొందల గజాలు, వెనక జామచెట్టు. మూడుసార్లు వెళ్ళి చూశాం, మూడూ ఆదివారాలే. మారిన మొదటి వారంలోనే ఏడో తరగతి పిల్ల బస్సులో గంటా ఇరవై నిమిషాలు కూర్చుంటోందని తెలిసింది. ఆరున్నరకు బయల్దేరేది, సాయంత్రం వచ్చి చేతిలో టిఫిన్ ప్లేటుతోనే నిద్రపోయేది. తనకోసమని తీసుకున్న గదిలో దీపం వెలిగించేది ఆదివారమే. అత్తయ్య విద్యానగర్‌లో రోజూ నడిచి గుడికి వెళ్ళే మనిషి. అక్కడ ఆటో పిలవాలంటే మా ఆయన వచ్చేదాకా ఆగాలి. మూడు నెలల్లో ఆమె గుడి మాటే మానేసింది. ఆ మౌనం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పదకొండు నెలలకు తిరిగి వచ్చేశాం.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు సోమవారం సెలవు పెట్టమంటాను. మంగళవారం వద్దు, శనివారం అసలే వద్దు. సోమవారమే. బడులు తెరిచి ఉన్న నెలలో వెళ్ళాలి. మేలోనో దసరా సెలవుల్లోనో చేసిన పరీక్ష చెల్లదు, ఆ రోజుల్లో ఊరు సగం ఖాళీ.

పొద్దున ఆరింటికి ఆ వీధిలో నిలబడండి. స్కూల్ బస్సు ఏ మలుపు దాకా వస్తుంది, అక్కడిదాకా పిల్ల నడిచే దారిలో లైట్లున్నాయా, కుక్కలున్నాయా చూడండి. బస్సు వెనకే బండి మీద వెళ్ళి బడి గేటు దగ్గర టైము రాసుకోండి. స్కూలు వాళ్ళు ఫోన్‌లో చెప్పిన టైము రాసుకోవద్దు. బస్సు ఇంకా ఎక్కడెక్కడ ఆగుతుందో వాళ్ళు చెప్పరు, మొదటి స్టాపు మీదేనన్నది అసలే చెప్పరు.

తర్వాత ఆఫీసు ప్రయాణం, అదీ ఆఫీసు టైములోనే. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవున సాఫీగా ఉంటుంది, నిజమే. కానీ బ్రోచర్ లెక్క ఎగ్జిట్ దగ్గరే ఆగిపోతుంది. ఎగ్జిట్ దిగాక ఆఫీసు లిఫ్టు ఎక్కేదాకా పట్టేదే అసలు సమయం. టూవీలర్లను, ఆటోలను ఔటర్ మీదికి రానివ్వరన్నది చాలామందికి సామాను దింపాకే గుర్తొస్తుంది. బైకు మీద వెళ్ళే కొడుకు సర్వీసు రోడ్డు మీద, లారీల పక్కన వెళ్ళాలి. ఆ దారిలో మీరే ఒకసారి బైకు మీద, చీకటి పడ్డాక వెళ్ళి చూడండి. అప్పుడు తేలుతుంది ఒప్పుకోవాలో వద్దో.

బండి లేని మనిషి ప్రయాణాన్ని మీరు కారులో చేసి లెక్క కట్టకండి. అత్తయ్య వెళ్ళాలంటే అత్తయ్యతోనే, ఆమె వెళ్ళే పద్ధతిలోనే వెళ్ళండి. ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ బస్సు వస్తేనే కదా దాని ఫలితం. స్టాపులో నిలబడి ఎంతసేపటికి వచ్చిందో రాయండి. ఆఖరి బస్సు ఎన్నింటికో కిరాణా కొట్టతన్ని అడగండి. మెట్రో దగ్గరే అన్నారంటే ఎల్‌బీ నగర్, నాగోల్, మియాపూర్, రాయదుర్గం, ఈ చివరి స్టేషన్లలో ఏది దగ్గరో, అక్కడిదాకా ఎలా చేరాలో అడగండి. ఎంఎంటీఎస్ ఉందన్నా అంతే, రైలు ఉండడం వేరు, మనకు కావలసిన టైములో ఉండడం వేరు.

మధ్యాహ్నం ఇంట్లో ఉండండి. ఓనరు ఒప్పుకుంటే ఖాళీ ఇంట్లోనే చాప వేసుకుని కూర్చోండి. కరెంటు ఎన్నిసార్లు పోయింది, ఫోన్ సిగ్నల్ గదుల్లోకి వస్తోందా, పక్క సైట్లో బండలు కోసే చప్పుడు ఎంత, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. కూరగాయలు, పాలు, మందుల షాపుకు నడిచి వెళ్ళండి. నడిచి వెళ్ళలేకపోతే ఇల్లాలి రోజులో ఇంకో గంట పోయినట్టు రాసుకోండి.

రాత్రి పదకొండింటికి ఆఖరి ప్రయాణం. దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్ళి, రాత్రి డ్యూటీలో గుండె డాక్టరు, పిల్లల డాక్టరు ఉంటారా అని కౌంటర్లో అడగండి. బోర్డు మీద ఇరవై నాలుగు గంటలు అని ఉన్నా అడగండి. ఇది అతిగా అనిపిస్తే, ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళు లేరన్నమాట.

ఇంటికి వచ్చాక ప్రతి ఒక్కరి పేరు కింద ఆ రోజు దారిలో గడిపిన నిమిషాలు కూడండి, ఇప్పుడున్న ఇంటి నుంచి పట్టేవి పక్కన రాయండి. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. పిల్లలు, పెద్దవాళ్ళు ముందు మాట్లాడాలి. సంపాదించేవాళ్ళు ముందు మాట్లాడితే మిగతావాళ్ళు తలూపేస్తారు. ఎవరి లెక్క అయినా రెట్టింపైతే ఆ ప్రాంతం వద్దు, ఇల్లు ఎంత బాగున్నా సరే. వాన కురిసిన పనిరోజున ఇంకోసారి వెళ్ళగలిగితే మరీ మంచిది.

ఫోన్‌లోనే ట్రాఫిక్ కనిపిస్తుంది, ఇంత అవస్థ ఎందుకని పిల్లలు అంటారు. ఫోన్ కారు లెక్క చెప్తుంది. ఏడో తరగతి పిల్ల చీకట్లో స్టాపు దగ్గర నిలబడే పావుగంట దానికి తెలియదు.

5. ముందు కిరాయికే

పరీక్షలో నెగ్గిన చోట కూడా ఏడాది కిరాయికి ఉన్నాకే కొనాలి. అప్పటికి ఒక మే, ఒక వానాకాలం చూసినట్టవుతుంది.   నీళ్ళ ట్యాంకర్ ఖర్చు ఎవరిదో కిరాయి అగ్రిమెంట్‌లో రాయించండి. కిరాయి డబ్బు దండగని అనేవాళ్ళు ఉంటారు. నచ్చని చోట కొన్న ఇంటికి ఇరవై ఏళ్ళు కట్టే ఈఎంఐతో పోలిస్తే అది ఎంత?

తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి సోమవారం పరీక్షను జనవరి, ఫిబ్రవరిల్లో ముగించి, మే ఆఖరుకల్లా మారాలి. ఆషాఢం వచ్చిందంటే పెద్దవాళ్ళు పాలు పొంగించనివ్వరు. పాత బడిలో టీసీ మాత్రం, కొత్త బడి బస్సు మీ వీధికి ఎన్నింటికి వస్తుందో కాగితం మీద రాయించుకున్నాకే తీసుకోండి.