జర్మన్ పల్లెవాసి వంశాన్ని గుంటూరు నుంచే వెతకడం ఎలా?

జర్మన్ కుటుంబంతో వియ్యమందిన గుంటూరు పెద్దలు, మనవడికి తండ్రి వైపు తరాలను చెప్పినట్లే తల్లి వైపు తరాలనూ చెప్పాలనుకుంటే, పదిహేడో శతాబ్దపు రైతు జాడను కూడా ఇంటి నుంచే తీయవచ్చు. అయితే తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క తరాన్నీ రుజువు చేసుకుంటూ వెనక్కి వెళ్ళాలి.

ముందు ఊరు తేలాలి. జర్మనీ అంతటా పౌర రిజిస్ట్రేషన్ (జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు) 1876 జనవరి 1న మొదలైంది కనుక, అంతకు పూర్వం ప్రధానాధారం చర్చి రిజిస్టర్లే. గుంటూరు లూథరన్ కుటుంబాలకు ఇవి పరిచితమే. 1842లో ఇక్కడికి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవారు. ఒకే పేరుతో ఊళ్ళు అనేకం ఉంటాయి, చిన్న పల్లెలకు సొంత చర్చి ఉండకపోవచ్చు. అందుచేత పాత జర్మన్ ఊళ్ళ పేర్ల సూచిక అయిన మేయర్స్ గెజిటీర్‌లో పారిష్‌ను (ఆ ఊరు ఏ చర్చి పరిధిలోదో) నిర్ధారించుకొని, ప్రొటెస్టెంట్ రిజిస్టర్లకు చందా కట్టి ఆర్కియాన్ వెబ్‌సైట్‌లోను, క్యాథలిక్ రిజిస్టర్లకు ఉచితంగా మత్రికులా వెబ్‌సైట్‌లోను వెతకాలి.

అసలు శ్రమ చదవడంలో ఉంది. కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ‘ఇ’ (e) అక్షరం ‘ఎన్’ (n)లా కనిపిస్తుంది, ‘యు’ (u)ను గుర్తుపట్టడానికి దానిపై చిన్న కొక్కెం గీసేవారు. ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరితే ఆమె స్త్రీ అని అర్థం: ముల్లర్ కుటుంబపు స్త్రీని ముల్లరిన్ అని రాసేవారు. వెస్ట్‌ఫాలియాలో ఇల్లరికం వెళ్ళిన అల్లుడు ఆ పొలం పేరునే ఇంటిపేరుగా స్వీకరించడం ఉండేది కాబట్టి, అక్కడ ఇంటిపేరు మారిన చోట వంశం తెగిందని తొందరపడరాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒకే పేరు గలవారిని కలిపేయడం. ఒక ఊరిలో ఒకే కాలంలో ముగ్గురు హాన్స్ ముల్లర్లు ఉండవచ్చు. చనిపోయిన బిడ్డ పేరునే తరువాతి బిడ్డకు పెట్టడమూ మామూలే. కాబట్టి భార్య పేరు, వృత్తి, ముఖ్యంగా బాప్తిస్మంలో జ్ఞానతల్లిదండ్రులుగా నిలిచినవారి పేర్లు సరిపోల్చాలి, ఎందుకంటే వారు తరచుగా దగ్గరి బంధువులే. సమాధి రిజిస్టరులో వయస్సును సంవత్సరాలు, నెలలు, రోజులతో రాసి ఉంటే, దాని నుంచి పుట్టిన తేదీని లెక్కగట్టి బాప్తిస్మపు పేజీ తెరవాలి. క్యాలెండర్ మార్పు వల్ల చాలా ప్రొటెస్టెంట్ ప్రాంతాలలో 1700లో ఫిబ్రవరి 18 తరువాత నేరుగా మార్చి 1 వచ్చిందని మరవరాదు.

1618–1648 నాటి ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో అనేక రిజిస్టర్లు నాశనమయ్యాయి. అవి ఆగిన చోట ప్రాంతీయ ఆర్కైవ్స్‌లోని పన్ను జాబితాలు, భూస్వాముల కౌలు పుస్తకాలు చూడాలి. అక్కడ తండ్రీకొడుకుల సంబంధం రాసి లేకపోతే, వంశవృక్షంలో ఆ గీత గీయకుండా ‘బహుశా’ అని గుర్తు పెట్టుకోవాలి.