కనీస వేతనం కంటే తక్కువ ఇస్తున్నారా? క్లెయిమ్ దరఖాస్తు ఇలా పెట్టండి

"నువ్వింకా కుర్రాడివి, పని నేర్చుకుంటున్నావు, ఈ జీతం చాల్లే" అని ఓనరు అంటే ఆ మాట చట్టం ముందు నిలవదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 18 నిండని వాళ్లకు వేరే రేటు పెట్టే వీలుండేది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రేటు నైపుణ్యాన్ని, ప్రాంతాన్ని, పని కష్టాన్ని బట్టి ఉంటుంది. అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం ఉన్నవాళ్లు మాత్రం ఇందులోకి రారు, వాళ్లది స్టైపెండ్. నోటి మాటగా "ట్రైనీ" అన్నంత మాత్రాన ఎవరూ అప్రెంటిస్ అయిపోరు.

ముందు మీ రేటు చూసుకోండి. కార్మిక శాఖ నోటిఫికేషన్‌లో మీ పనికి ఉన్న మూల వేతనానికి కరువు భత్యం (ధరల పెరుగుదలను బట్టి ఇచ్చే డీఏ) కలపాలి. చాలామంది దీన్ని మర్చిపోయి తక్కువ అడుగుతారు.

అసలు పని లెక్క కట్టడంలోనే ఉంది. రోజుకు 90 రూపాయలు తగ్గించి ఇస్తున్నారనుకోండి. నెలకు 26 రోజుల చొప్పున 8 నెలలకు 18,720 రూపాయలు. దరఖాస్తులో ఈ అంకె స్పష్టంగా కనిపించాలి. మీ కష్టాలు రెండు లైన్లలో చెబితే చాలు. ఓవర్‌టైమ్ చేసి ఉంటే దానికి రెట్టింపు రేటు, అది విడిగా రాయండి. పే స్లిప్ ఇవ్వకపోయినా టెన్షన్ పడొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్, "రేపు ఉదయం షిఫ్ట్‌కి రా" అన్న వాట్సాప్ మెసేజ్, మీరు రాసుకున్న హాజరు డైరీ జత చేయండి. జీతం పూర్తిగా ఇచ్చానని నిరూపించుకోవాల్సింది యజమానే.

దరఖాస్తును మీ ప్రాంత కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రైల్వే, గనులు, బ్యాంకుల్లాంటి వాటిలో కాంట్రాక్టు పనైతే కేంద్ర కార్మిక శాఖ దగ్గరికి వెళ్లాలి. మీరే పెట్టొచ్చు, మీరు సభ్యులైన యూనియన్ కూడా పెట్టొచ్చు. ఒకే చోట పనిచేసే వాళ్లంతా కలిసి ఒకే దరఖాస్తు ఇవ్వొచ్చు. ఒంటరిగా వెళ్లడం కంటే అదే మేలని నా అభిప్రాయం.

దరఖాస్తు పెట్టడానికి గడువు 3 ఏళ్లు. అధికారి 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. బకాయితో పాటు దానికి 10 రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆయనకు ఉంది. ఉత్తర్వు నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఉత్తర్వు వచ్చినా ఓనరు కట్టకపోతే, కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు.