ఊరి నుంచి తిరిగి వచ్చిన వారంలోనే చేయవలసిన పని

శ్రీకాకుళంలో పిల్లాపాపలతో సెలవులు గడిపి విదేశంలోని ఇంటికి చేరినవారు, పెట్టెలు సర్దుకునే పని ఎలాగూ తప్పదు కనుక దాని సంగతి అటుంచి, ఫోనులోని ఫోటోలకు ఆ వారంలోనే వివరాలు రాసుకోవడం మంచిది. అరసవల్లి గుడినీ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటునూ ఎన్నేళ్ల తరువాతైనా పోల్చుకోగలం గానీ, వీధి అరుగు మీద చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చున్న పెద్దావిడ నాన్నమ్మకు తోడికోడలో, ఆడపడుచో పిల్లలు త్వరలోనే మరిచిపోతారు. ఊళ్లోని పెద్దవారికి వీడియో కాల్ చేసి, ఒక్కొక్క ఫోటో చూపిస్తూ పేరు, వరుస, ఇంటిపేరు, ఊరు పిల్లల చేతనే రాయించాలి. పెద్దలు మధ్యలో వేరే కథల్లోకి వెళ్లిపోతారు. వెళ్లనివ్వాలి, అసలు సరుకు అక్కడే ఉంటుంది.

బంధువులు తీసిన ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే నాణ్యత తగ్గడమే కాక, తీసిన తేదీ, స్థలం వివరాలు కూడా పోతాయి కనుక, వాటిని డాక్యుమెంటుగా పంపమని అడగాలి. వెంట తెచ్చుకున్న పలాస జీడిపప్పును మాత్రం గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే చాలు.