ఇంజిన్‌కు కొత్త బోల్టు: ఏది కొనాలి, ఎంత బిగించాలి?

నా కారు ఇంజిన్ పైమూత, అదే ట్యాపెట్ కవర్, దగ్గర నూనె చెమ్మ కనబడుతోందని ఓ ఆదివారం దాని కింద నూనె కారకుండా వేసే గ్యాస్కెట్ నేనే మార్చాను. పది నంబరు బోల్టులు వరసగా బిగించుకుంటూ వచ్చి, చివరిదానికి మాత్రం ‘ఇంకొంచెం’ అనుకుని రాట్చెట్‌ను మరో పావు చుట్టు తిప్పాను. చేతికి ఆనుతున్న గట్టితనం ఒక్కసారిగా పోయింది. బోల్టు మెత్తగా, ఊరికే తిరగడం మొదలుపెట్టింది. బయటికి తీస్తే దాని మరల్లో తెల్లటి అల్యూమినియం సన్నని స్ప్రింగులా చుట్టుకుని ఉంది. కవర్ కిందుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్‌లోని మరలు ఊడి బోల్టుతో పాటే వచ్చేశాయి. లేత్ షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బోల్టుకేం కాలేదన్నా, నీ చెయ్యే ఎక్కువైంది” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. బోల్టును మనం మేకులా చూస్తాం, గట్టిగా దిగితే చాలనుకుంటాం. నిజానికి అది స్ప్రింగు లాంటిది. బిగించేకొద్దీ వెంట్రుకవాసి సాగుతుంది, మళ్లీ మొదటి పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే రెండు భాగాలను కలిపి పట్టి ఉంచుతుంది. తక్కువ సాగితే వదులవుతుంది, ఎక్కువ సాగితే తెగుతుంది లేదా మరలను పెరుకుతుంది. కొత్త బోల్టు ఎంచుకోవడమైనా, బిగించడమైనా ఈ సాగుడు సరిగ్గా ఉండేలా చూసుకోవడానికే.

పాత బోల్టును పారేయకండి

విరిగినా, తుప్పు పట్టినా పాతది జేబులో వేసుకునే షాపుకు వెళ్లండి. తల మీద తుడిచి చూస్తే 8.8 అనో 10.9 అనో అంకెలు ఉంటాయి. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు తెగకుండా ఓర్చుకుంటుందని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం వరకు, అంటే 640 దాకా, సాగినా తిరిగి యథాస్థితికి వస్తుందని. షాపుల్లో ‘హైటెన్షన్ బోల్టు’ అనేది ఈ రకాన్నే. అంకె లేని మామూలు ఇనప బోల్టు గేటుకు పనికొస్తుంది, ఇంజిన్‌కు కాదు.

తర్వాత సైజు. పానా నంబరు, బోల్టు సైజు ఒకటి కావు. పది నంబరు పానా పట్టేది సాధారణంగా 6 ఎంఎం బోల్టు. 8 ఎంఎం బోల్టుకు జపాన్, కొరియా మూలాలున్న కార్లలో తల 12 ఉంటుంది, జర్మన్ కార్లలో 13. అందుకే ‘పన్నెండు నంబరు బోల్టు ఇవ్వు’ అని అడిగితే షాపువాడు ఇంకేదో చేతిలో పెడతాడు. మర దగ్గర వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలత చెప్పండి.

అందరూ బోల్తాపడేది పిచ్ దగ్గరే, అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం దగ్గర. 10 ఎంఎం బోల్టులు 1.5 పిచ్‌లోనూ, 1.25 పిచ్‌లోనూ దొరుకుతాయి. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. తప్పుది కూడా మొదటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. అక్కడ పానాతో బలవంతం చేశారా, రంధ్రం పోయినట్టే. పాత బోల్టు, కొత్త బోల్టు మరలను పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి మధ్యలో వెలుతురు దూరకపోతే పిచ్ ఒకటే.

పొడవును తల కింది నుంచి కొలవాలి. పొట్టిదైతే నాలుగు మరలే పట్టుకుంటాయి. అల్యూమినియంలోకి దిగే బోల్టుకు దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్ల పొడవున మరలు పట్టాలి, అంటే 6 ఎంఎం బోల్టుకు 9 ఎంఎం. పొడవుదైతే ఇంకా మోసం. మూసి ఉన్న రంధ్రంలో కొస అడుగుకు తగిలి ఆగిపోతుంది. మన చేతికి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం వదులుగానే ఉంటుంది.

‘12.9 వేస్తే ఇంకా గట్టి కదా’ అని కొందరంటారు. హెడ్‌లో ఉన్నది అల్యూమినియం మర అయినప్పుడు బోల్టు ఎంత గట్టిదైనా ముందు ఓడేది ఆ మరే. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ వేయడం మరో పొరపాటు. మామూలుగా దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ 450 దాకానే సాగి యథాస్థితికి వస్తుంది, 8.8 కన్నా బాగా తక్కువ. పైగా తేమ తగిలితే దాని పక్కనున్న అల్యూమినియం తినుకుపోతుంది.

బ్రాకెట్లకు, కవర్లకు రాణీగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో పేరున్న కంపెనీ బోల్టు కొనుక్కోవచ్చు. హెడ్, కనెక్టింగ్ రాడ్, ఫ్లైవీల్, క్రాంక్ పుల్లీ బోల్టులు మాత్రం మీ కారు పార్ట్ నంబరు చెప్పి ఒరిజినలే తెచ్చుకోండి. ఇక్కడ మిగుల్చుకునే రెండు మూడు వందల కోసం ఇంజిన్‌ను పణం పెట్టడం తెలివి కాదు.

రంధ్రం సంగతి

బిగించే ముందు రంధ్రం శుభ్రంగా ఉండాలి. దీనికి మరలు కోసే పనిముట్టు, అంటే ట్యాప్ వాడితే ఉన్న మరనే ఇంకాస్త చెక్కేస్తుంది. మంచి పాత బోల్టు ఒకటి తీసుకుని, హాక్సా బ్లేడుతో నిలువుగా రెండు గాడులు కోసి, అంచుల్లో లేచిన గరుకును రాసేసి, చేత్తో లోపలికీ బయటికీ తిప్పండి. మురికంతా ఆ గాడుల్లోకి చేరి బయటికొస్తుంది. తర్వాత గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకునే. మూసిన రంధ్రంలో నూనె గానీ కూలెంట్ గానీ నిలిచి ఉంటే అస్సలు బోల్టు దించొద్దు. ద్రవం నలగదు, పోవడానికి దారీ ఉండదు. బోల్టు పిస్టన్‌లా నొక్కితే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు.

బిగించడం

మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు తిరగకపోతే వంకరగా దిగుతోందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. ఇంపాక్ట్ గన్‌తో మొదలుపెట్టే మెకానిక్‌ను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

కవర్ విప్పేటప్పుడే ఒక అట్టముక్క మీద దాని ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చుకుంటే పొడవాటిది పొట్టిదాని చోటికి పోదు. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించాలి. మంచానికి నవారు బిగించినట్టు అటొకటి ఇటొకటి.

ఎంత బిగించాలన్నది మీ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పినంత. అది చేతిలో లేనప్పుడు ఒక అంచనా కావాలంటే, పొడి మరలున్న 8.8 గ్రేడ్ బోల్టుకు 6 ఎంఎం అయితే సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం అయితే 25, 10 ఎంఎం అయితే 50 దగ్గర. అల్యూమినియంలోకైతే ఇంకాస్త తగ్గించాలి. ఈ 10 న్యూటన్ మీటర్లు ఎంతంటే, అడుగు పొడవు రాట్చెట్ కొసన మూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. అంతే! నేను ఆ ఆదివారం ఎన్ని కిలోలు వేలాడానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

పానా మీద పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది, సాగదీసేది మిగతా ఒక వంతే. అందుకే మరకు నూనె రాస్తే లెక్క మారిపోతుంది. పొడిగా బిగించమన్న బోల్టుకు నూనె రాసి అదే అంకెకు బిగిస్తే అది ఎక్కువ సాగుతుంది. నూనె రాయమన్నచోట రాయండి, చెప్పనిచోట వద్దు.

ఎంత బిగించాలో అంకె పెట్టుకునే పానాను టార్క్ రెంచ్ అంటారు, దాన్ని పిడి దగ్గరే పట్టుకుని నెమ్మదిగా లాగండి. ‘టక్’ అనగానే ఆపండి. ‘ఒకసారి చూద్దాం’ అని మళ్లీ రెండు టక్కులు కొట్టిస్తే ప్రతిసారీ కొంచెం ఎక్కువవుతుంది. దాంతో బోల్టులు విప్పకూడదు. పని అయ్యాక సెట్టింగును కనిష్ఠానికి తెచ్చి పెట్టెలో పెట్టాలి. పెద్ద రెంచ్‌తో 6 ఎంఎం బోల్టులు బిగించకండి, కిందిస్థాయి అంకెల దగ్గర దాన్ని నమ్మలేం.

హెడ్ బోల్టులు వేరే జాతి

ఇప్పటి ఇంజిన్లలో చాలావాటి హెడ్ బోల్టులు శాశ్వతంగా సాగేంతవరకు బిగించేవి. అందుకే ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. మాన్యువల్‌లో ‘40 న్యూటన్ మీటర్లు, ఆపై 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు’ అన్నట్టు ఉంటుంది. అంకెలు ఇంజిన్‌ను బట్టి మారతాయి. మొదటి దఫా టార్క్ రెంచ్‌తో. కోణం కోసం ప్రతి తల మీద ఒకే దిక్కుగా తెల్ల పెయింట్ చుక్క పెట్టండి. 90 తిప్పాక చుక్కలన్నీ పక్కకు తిరిగి ఉండాలి, ఏదైనా పాత దిక్కునే చూస్తుంటే అది మరిచిపోయిన బోల్టు. వరస మధ్యలోంచి బయటికి. విప్పేటప్పుడు బయటి నుంచి మధ్యకు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, లేకపోతే హెడ్ వంగుతుంది.

అన్నీ అయ్యాక ఇంజిన్‌ను వేడెక్కేదాకా నడిపి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంచుల వెంట పొడిగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు చెమ్మ అంటితే బోల్టును ఇంకా బిగించొద్దు. కవర్ విప్పి గ్యాస్కెట్ ముడత పడిందేమో చూడండి.

మర పోయినా హెడ్ మార్చనక్కర్లేదు. లేత్ షాపులో రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి హెలికాయిల్ అనే ఉక్కు మర వేస్తారు. నా ట్యాపెట్ కవర్ మూలన ఉన్నది అదే, ఇప్పటికీ నూనె కారలేదు.