జలుబు లేదు, అయినా ముక్కు దిబ్బడ: కారణం ఎలా పట్టుకోవాలి

తుమ్ముల్లేవు, జ్వరం లేదు, చీదితే ఏమీ రాదు. అయినా ముక్కులో గాలి ఆడదు. లోపల ఏదో అడ్డం పడిందనుకుని చాలామంది గట్టిగా చీదుతూనే ఉంటారు. ఎక్కువసార్లు అక్కడ బయటికి రావలసినదేమీ ఉండదు. ముక్కు లోపలి పక్కగోడలకు రక్తనాళాలతో నిండిన మెత్తటి కండలు ఉంటాయి. డాక్టర్లు వీటిని టర్బినేట్లు అంటారు. పీల్చిన గాలిని వెచ్చచేసి, తేమ పట్టించి ఊపిరితిత్తులకు పంపడం వీటి పని. ఇవి వాస్తే దారి ఇరుకవుతుంది. గట్టిగా చీదితే ఆ వాపు తగ్గదు, లోపల ఇంకా రేగుతుంది. అందుకే మందు కొనే ముందు ఇవి ఎందుకు వాచాయో, లేక నిజంగానే ఏదైనా అడ్డం ఉందో తేల్చుకోవాలి.

దానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. చల్లటి స్టీలు పళ్లెం ముక్కు కింద అడ్డంగా పట్టుకుని, నోరు మూసి మామూలుగా గాలి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఏ వైపుది చిన్నదో చూడండి. పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు ఇలా రెండు మూడు రోజులు చూస్తే, డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఒక పూట కుడివైపు, ఒక పూట ఎడమవైపు

ఇది జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న ముక్కులోనూ కొన్ని గంటలకోసారి ఒకవైపు కండ ఉబ్బి, రెండోవైపుది తగ్గుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు మూసుకోవడం కూడా మామూలే. నిద్ర చెడుతుంటే తల వైపు కాస్త ఎత్తు పెట్టుకోండి. రెండు వైపులా ఒకేసారి బిగుసుకుంటేనో, మార్పు లేకుండా ఒకవైపే ఉండిపోతేనో ఆలోచించాలి.

ఎప్పుడూ ఒకవైపే

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం ముక్కు మధ్య దూలం వంకర. పుట్టుకతో రావచ్చు, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లా కావచ్చు. కొద్దిపాటి వంకర చాలామందికి ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి దానితో ఏ ఇబ్బందీ ఉండదు. స్కానింగ్‌లో వంకర కనిపించినంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. స్ప్రేలు వాడినా గాలి ఆడకపోతే, నిద్ర పాడవుతుంటే అప్పుడు వంకరను సరిచేసే ఆపరేషన్, అంటే సెప్టోప్లాస్టీ గురించి మాట్లాడాలి. వంకరను సరిచేసే మాత్ర ఏదీ లేదు.

ఒకవైపు నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే సంగతి వేరు. పెద్దవాళ్లలో పై దవడ పంటి వేరుకు పట్టిన చీము పక్కనున్న సైనస్‌లోకి (ముఖం ఎముకలో ఉండే గాలి గది) దిగి ఉండొచ్చు. అప్పుడు పంటి డాక్టరుకు కూడా చూపించాలి. చిన్నపిల్లల్లో అయితే ముందు అనుమానించాల్సింది ముక్కులో దూర్చుకున్న గింజ, పూస, స్పాంజి ముక్కలాంటివే. వేలితోనో పిన్నుతోనో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. అది బొమ్మలో వాడే బిళ్ల బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. రాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పొద్దున లేవగానే, ఇల్లు ఊడ్చినప్పుడు

ముక్కు దురద, కళ్లలో నీళ్లు, వరస తుమ్ములు కూడా ఉంటే డస్ట్ అలర్జీ కావచ్చు. అలర్జీ తెప్పించేది పైకి కనిపించే దుమ్ము ఒక్కటే కాదు. దిండ్లు, పరుపులు, బొంతల్లో బతికే కంటికి కనిపించని పురుగుల వల్ల కూడా వస్తుంది. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 60 డిగ్రీల దాకా, ఉతికి ఆరేయండి. చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. ఊళ్లో ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ మొక్క పూసినప్పుడే ఎక్కువవుతుంటే దాని పుప్పొడినీ అనుమానించాలి.

సెట్రిజిన్ లాంటి మాత్ర తుమ్ములు, దురద తగ్గించినంతగా దిబ్బడను తగ్గించదు. దిబ్బడకు బాగా పనిచేసేది ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు కానీ, ఈ మందుల్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పిల్లలకు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పనిచేయలేదనేవాళ్లలో చాలామంది కొట్టుకునే పద్ధతే తప్పు. తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, కొన మధ్య దూలం వైపు కాకుండా చెవి వైపు ఉండేలా పెట్టి కొట్టాలి. దూలం మీద పడితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చకూడదు, మందు గొంతులోకి పోతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, నాలుగో రోజుకే మానేయవద్దు.

డ్రాప్స్ వేస్తేనే తెరుచుకుంటుంది

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇది మనం కొని తెచ్చుకునే జబ్బు. సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో ఉందేమో చూడండి. ఈ మందు రక్తనాళాలను కుదించి నిమిషాల్లో ముక్కు తెరిపిస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటితే, మందు ప్రభావం దిగగానే కండ మునుపటి కన్నా ఎక్కువ వాస్తుంది. మళ్లీ డ్రాప్స్, మళ్లీ వాపు. మొదట వచ్చిన జలుబు ఎప్పుడో పోయి ఉంటుంది, ఇప్పుడున్న దిబ్బడ సీసాదే. దిండు పక్కన సీసా లేకపోతే నిద్ర పట్టని స్థితికి చేరినవాళ్లు ఎందరో ఉన్నారు.

దీనికి పరిష్కారం మానేయడమే. ఒకేసారి ఆపలేకపోతే ముందు ఒక ముక్కులో ఆపండి. అది తేరుకున్నాక రెండోది. ఈలోగా డాక్టరును అడిగి స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెడితే ఓర్చుకోవడం సులువవుతుంది. మొదటి కొన్ని రాత్రులు నిజంగా కష్టంగా ఉంటాయి. ఆ తర్వాత వాపు మెల్లగా దిగుతుంది, కొందరికి కొన్ని వారాలు పట్టొచ్చు.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఇక్కడ బాగా సాయం చేస్తుంది, అలర్జీలోనూ అంతే. కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. అందులో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం పోతుంది. అరుదే, కానీ నీళ్లు మరిగించి చల్లార్చుకుంటే ఆ భయమే ఉండదు. మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్ కలుపుకుంటే ఉప్పు మోతాదు కుదురుతుంది.

మెంథాల్ బామ్ చల్లగా తగిలి గాలి ఆడినట్టు అనిపిస్తుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు అది రాయకూడదు.

ఏసీలోకి వెళ్తే, తాలింపు ఘాటు తగిలితే

దురద లేకుండా వాతావరణం మారినప్పుడు, సెంటు, అగరొత్తులు, దోమల చక్రం పొగ తగిలినప్పుడు మూసుకుపోతే అది అలర్జీ కాకపోవచ్చు, ముక్కు నరాల అతి స్పందన కావచ్చు. పడకగదిలో పొగ మానేసి దోమతెర కట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే దీనికి వేరే స్ప్రేలున్నాయి.

వాసన తెలియడం లేదు

మూడు నెలలకు పైగా దిబ్బడ, చిక్కటి చీమిడి గొంతులోకి దిగడం, ముఖం బరువు ఉంటే దీర్ఘకాలపు సైనసైటిస్. రెండు వైపులా మూసుకుని వాసన బాగా తగ్గితే పాలిప్స్ (ముక్కు లోపలి పొర నుంచి పెరిగే మెత్తటి బుడిపెలు) ఉన్నాయేమో ఎండోస్కోపీతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో చూడాలి. వీటితో పాటు ఆస్తమా కూడా ఉన్నవాళ్లలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడవు, ఆయాసం ముంచుకొస్తుంది. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇవేవీ కాకపోతే గర్భం (కాన్పు తర్వాత రెండు వారాల్లో తగ్గిపోతుంది), థైరాయిడ్ తక్కువ కావడం, ప్రజోసిన్ లాంటి కొన్ని బీపీ మందులు గుర్తుచేసుకోండి. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే పిల్లలకు ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే కండలు పెరిగి ఉండొచ్చు.

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

ఒకవైపే దిబ్బడతో పాటు రక్తం, చెంప తిమ్మిరి లేదా వాపు, కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనిపించడం. షుగర్ అదుపులో లేనివాళ్లకు ముఖం నొప్పి, నల్లటి చీమిడి వస్తే అదే రోజు చూపించాలి. 2021లో కోవిడ్ తర్వాత మనవాళ్లు ఎందరినో పట్టుకున్న బ్లాక్ ఫంగస్ ఇలాగే మొదలవుతుంది, అందులో ఒక్క రోజు ఆలస్యమైనా కన్ను పోవచ్చు.