ర్యామ్ డిస్క్ నిండి లినక్స్ హ్యాంగ్ అవుతోందా? ఇలా సరిచేయండి

పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ అవుతుండగా మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు, డిస్క్ లైటు మాత్రం ఆగకుండా వెలుగుతుంటుంది. ప్రాసెసర్‌ని అనుమానించే ముందు టెంప్‌ఎఫ్‌ఎస్ సంగతి చూడండి.

ఇది ర్యామ్‌లో ఉండే డిస్క్. సైజు చెప్పకుండా దీన్ని మౌంట్ చేస్తే (ఒక ఫోల్డర్‌కి తగిలిస్తే) ర్యామ్‌లో సగం దాకా వాడుకోనిస్తుంది, అదీ ఒక్కో మౌంట్‌కి విడివిడిగా. 8 జీబీ మెషీన్‌లో టెంప్ ఫోల్డర్‌కి (/tmp) 4, ప్రోగ్రామ్‌లు పంచుకునే షేర్డ్ మెమరీకి (/dev/shm) 4 అంటే బ్రౌజర్‌కి మిగిలేదేంటి? ఖాళీగా ఉన్నంతసేపు ర్యామ్ తినదు కాబట్టి మామూలు రోజుల్లో తేడా తెలియదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ర్యామ్ చాలనప్పుడు కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపుతుంది. ప్రోగ్రామ్ పోయినా అది రాసిన ఫైల్ టెంప్‌ఎఫ్‌ఎస్‌లో అలాగే ఉండిపోతుంది, జాగా తిరిగి రాదు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) డిస్క్ మీద ఉంటే ఆ ఫైల్ పేజీలు (మెమరీ ముక్కలు) అక్కడికి వెళ్తాయి. లేకపోతే కెర్నెల్ ప్రోగ్రామ్‌ల కోడ్ పేజీలనే పడేసి, మళ్లీ డిస్క్ నుంచి చదువుతూ ఉంటుంది. లైటు ఆరకపోవడానికి కారణం ఇదే.

ముందు ఫ్రీ (free) కమాండ్‌లో షేర్డ్ కాలమ్ చూడండి. అది జీబీల్లో ఉంటే డీఎఫ్ (df) కమాండ్‌తో ఏ మౌంట్ నిండిందో తెలుస్తుంది. ఫైల్ తీసేసినా అంకె తగ్గలేదంటే ఏదో ప్రోగ్రామ్ దాన్ని తెరిచే ఉంచింది. ఆ ప్రోగ్రామ్‌ని ఆపితేనే జాగా వస్తుంది.

తర్వాత మౌంట్‌ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైల్‌లో టెంప్ లైన్‌కి సైజ్ ఆప్షన్ 2 జీబీ ఇచ్చి రీమౌంట్ చేయండి. అప్పటికే అంతకుమించి నిండి ఉంటే రీమౌంట్ ఒప్పుకోదు, కొంత ఖాళీ చేయాలి. ఇకపై హద్దు దాటిన ప్రోగ్రామ్‌కి ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని వస్తుంది. మెషీన్ మొత్తం ఆగిపోవడం కంటే అది నయం. డిస్క్ మీద 4 జీబీ స్వాప్ కూడా పెట్టండి. డేటాని కుదించి దాచే జడ్‌ర్యామ్ (zram) స్వాప్ ఒక్కటే నమ్ముకోవద్దు: అదీ ర్యామ్‌లోనే ఉంటుంది, వీడియోలు, జిప్ ఫైళ్లు అందులో పెద్దగా కుదించుకోవు.

పెద్ద బిల్డ్‌లకైతే తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ రాయాలో చెప్పే టెంప్‌డిర్ (TMPDIR) వేరియబుల్‌ని వార్ కింద ఉన్న టెంప్‌కి (/var/tmp) మార్చడమే తేలిక, మామూలుగా అది డిస్క్ మీదే ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో ర్యామ్ డిస్క్ అయిన ర్యామ్‌ఎఫ్‌ఎస్ జోలికి మాత్రం పోవద్దు. దానికి సైజ్ ఇచ్చినా పట్టించుకోదు, స్వాప్‌కీ వెళ్లదు. ర్యామ్ అయిపోయేదాకా రాస్తూనే పోతుంది.